చెయ్యి మరిచిందా, కాగితం పీల్చిందా?

పదిహేనేళ్ల తర్వాత మళ్లీ బొమ్మలు వెయ్యాలనిపించి, ఆన్‌లైన్‌లో 48 రంగుల మార్కర్ సెట్ తెప్పించుకున్నవాళ్ల మొదటి సాయంత్రం దాదాపు అందరిదీ ఒకేలా గడుస్తుంది. ఇంట్లో ఉన్న ఏదో ఒక నోట్‌బుక్ తీస్తారు, లేదా ప్రింటర్‌లోంచి ఒక ఏ4 కాగితం లాగుతారు. పెన్సిల్‌తో మందార పువ్వొకటి గీసి, బాల్‌పెన్నుతో దాని మీద గీత దిద్దుతారు. ఇక ఉత్సాహంగా ఎర్ర మార్కర్ మూత తీసి రేకు మధ్యలో ఆనిస్తారు. అంతే. రంగు గీత దాటి బయటికి పాకుతుంది. అంచులు నూగునూగుగా విచ్చుకుంటాయి. బాల్‌పెన్ను నీలం కరిగి ఎరుపులో కలిసి వంకాయ రంగుకు తిరుగుతుంది. పేజీ తిప్పితే అవతలి వైపు కూడా అదే పువ్వు, దాని కింది పేజీలో దాని మరక. ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: "మన చెయ్యి పోయింది, చిన్నప్పుడే నయం."

ఈ తీర్పు చాలాసార్లు తప్పు. ఆ సాయంత్రం జరిగినదాంట్లో చేతి వాటా తక్కువ. కాగితం, పెన్ను, మార్కర్‌లో ఉన్న ద్రావణి, ఈ మూడూ కలిసి చేసిన పని అది. చెయ్యి తిరిగిన చిత్రకారుడికి అదే నోట్‌బుక్, అదే బాల్‌పెన్ను ఇచ్చినా పువ్వు అలాగే చెదిరిపోతుంది. కాకపోతే ఆయన కాగితాన్ని తిడతాడు. మళ్లీ మొదలుపెట్టినవాళ్లు తమను తాము తిట్టుకుని, సెట్టుని బీరువా పైన పెట్టేస్తారు.

అసలు గందరగోళం పేరు దగ్గరే మొదలవుతుంది. మన చిన్నప్పుడు ప్లాస్టిక్ కవర్లో పన్నెండు వరసగా వచ్చే స్కెచ్ పెన్నులు అందరికీ గుర్తే. చూడటానికి ఇవీ అలాగే ఉంటాయి కాబట్టి వాటికి పెద్దన్నలు అనుకుంటాం. కానీ స్కెచ్ పెన్నులో ఉండేది నీళ్లలో కలిపిన రంగు. అందుకే అది ఎండిపోతే వెనక బిరడా పీకి రెండు నీటి చుక్కలు వేస్తే ఇంకో వారం నడిచేది. అదే చోట రెండుసార్లు రుద్దితే కాగితం నూగు లేచి ఉండలు కట్టేది, ఆకాశం మొత్తం నింపితే చారలు చారలుగా మిగిలేది కూడా ఆ నీళ్ల వల్లే. ఇప్పుడు ఆర్ట్ మార్కర్ల పేరుతో దొరికే రెండు మూతల పెన్నుల్లో ఎక్కువ భాగం ఆల్కహాల్ మార్కర్లు. వీటిలో రంగు ఇథనాల్‌లోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోనో కరిగి ఉంటుంది. స్కెచ్ పెన్ను చిట్కా వీటి మీద వేస్తే పెన్ను పాడవుతుంది.

నీటికీ ఆల్కహాల్‌కీ ఉన్న తేడా చిన్నది కాదు. గది వేడిలో నీటి తలతన్యత సెంటీమీటరుకు సుమారు 72 డైన్లు, ఇథనాల్‌ది 22 మాత్రమే. అంటే నీటి చుక్క ముడుచుకుని కూర్చుంటే, ఆల్కహాల్ చుక్క కాగితం పోగుల మధ్యకి చటుక్కున జారిపోతుంది. మరిగే స్థానమూ తక్కువే, ఇథనాల్‌కి 78 డిగ్రీలు. అందుకే వేసిన కాసేపటికే ఆవిరై, రంగుని మాత్రం అక్కడే వదిలేస్తుంది. ఇంకో సంగతి, నీళ్లు తగిలితే కాగితంలోని సెల్యులోజ్ పోగులు ఉబ్బి, పట్టు సడలి, పైకి లేస్తాయి. ఆల్కహాల్‌కి ఆ ఉబ్బించే గుణం చాలా తక్కువ. అందువల్ల నాలుగైదు పూతలు వేసినా కాగితం ముడతలు పడదు, నూగు లేవదు. పైగా ఎండిన రంగు మీద మళ్లీ మార్కర్ ఆనిస్తే, కొత్తగా వచ్చిన ఆల్కహాల్ పాత రంగుని కొంత కరిగించి తనలో కలుపుకుంటుంది. పసుపు నుంచి నారింజకి గీత కనపడకుండా జారే ఆ మెత్తదనం ఇలా వస్తుంది. అంటే మార్కర్ బొమ్మల్లో మనం మెచ్చుకునే అందానికీ, మొదటి సాయంత్రం మందార చెదిరిపోవడానికీ కారణం ఒక్కటే.

అందుకే ఆల్కహాల్ మార్కర్ల విషయంలో కాగితం సగం బొమ్మ. ఇంట్లో, ఆఫీసులో ఉండే జిరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు తూగుతుందని. అది పొడి సిరా పట్టుకోవడానికి చేసినది, తడిని ఆపడానికి కాదు. మరి మందపాటి కాగితం కొంటే సరిపోతుందా అంటే, సగమే సరి. నీటిరంగులకు అమ్మే 300 జీఎస్‌ఎం గరుకు కాగితం మందమే కానీ, సిరాని బావిలా తాగేస్తుంది, పైగా ఆ గరుకుకి మార్కర్ బ్రష్ టిప్, అంటే కుంచెలా మెత్తగా ఉండే మొన, త్వరగా చితికిపోతుంది. మరోవైపు మార్కర్ పేపర్ అని అమ్మేది 70 జీఎస్‌ఎం దగ్గర్లోనే ఉన్నా, సిరా కిందికి దిగకుండా పూత వేసి ఉంటుంది కాబట్టి చక్కగా పనిచేస్తుంది. జీఎస్‌ఎం అంకె బరువు చెబుతుందే గానీ, పీల్చుకునే గుణం చెప్పదు. చూడాల్సింది నునుపు, బిగువు. బ్రిస్టల్ బోర్డు అనే నున్నటి, మందపాటి డ్రాయింగ్ కాగితం బాగుంటుంది. దొరక్కపోతే స్టేషనరీ షాపుల్లో దొరికే నున్నటి ఐవరీ కార్డు షీటు మొదటి ఆరు నెలలకి చాలు. గ్లేజు లేని పెళ్లి శుభలేఖ వెనకవైపు కూడా ప్రయోగాలకు బాగానే పనికొస్తుంది, పెళ్లివారికి తెలియనంత వరకు.

ఏ కాగితమైనా కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. మార్కర్ మొనని కాగితం మీద నిట్టనిలువుగా ఆనించి, మూడు లెక్కపెట్టి తీయాలి. చుక్క అంచు గుండ్రంగా, పదునుగా ఉండి, ఆవగింజంత నుంచి మిరియపు గింజంత అయి ఆగిపోతే ఆ కాగితం మంచిదే. అంచు నుంచి వెంట్రుకల్లాంటి గీతలు బయటికి పాకుతూ చుక్క బటాణీ అంత అయితే, ఎంత మంచి చేతికైనా ఆ కాగితం మీద పరువు దక్కదు.

ఇందులో మనకు కొత్తేమీ లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు ఈ సమస్యని శతాబ్దాల కిందటే పరిష్కరించుకున్నారు. అక్కడ ముతక నూలుబట్ట మీద ఎవరూ నేరుగా కలం పెట్టరు. ముందు బట్టని ఉడికించో నానబెట్టో గంజి పోగొడతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు, నల్లరంగుని బట్టకి పట్టించడానికి. పాలలోని కొవ్వు, రంగు అటూ ఇటూ పాకకుండా ఆపడానికి. ఆ తర్వాతే చింతబరికె బొగ్గుతో రేఖలు, బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమితో నల్లగీత. పాలు పట్టించని బట్ట మీద కసిమి గీస్తే ఏమవుతుందో, జిరాక్స్ కాగితం మీద ఆల్కహాల్ మార్కర్ పెడితే అదే అవుతుంది. మార్కర్ పేపర్ మీది పూత, బట్టలోని పాలు, రెండూ ఒకే పని చేస్తున్నాయి.

పోలిక అక్కడితో ఆగదు. కలంకారీ కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్లకి ఉన్నో బట్టపేలికో చుట్టి, దారంతో బిగించి కట్టినది. ఆ ఉండ రంగు పీల్చుకుని దాచుకుంటుంది, వేళ్లతో నొక్కే కొద్దీ మొన దాకా దించుతుంది. మార్కర్ లోపల ఉండేదీ అంతే. సిరా పీల్చుకున్న ఒక పోగుల కట్ట, దాని నుంచి సిరా లాక్కునే ఒక మొన. ఫెల్ట్ మొన పెన్నుకి అమెరికాలో 1910లోనే పేటెంట్ ఉంది. 1953లో సిడ్నీ రోసెంతాల్ తెచ్చిన మ్యాజిక్ మార్కర్‌లో చిన్న గాజుసీసా నిండా సిరా, దానికి ఉన్ని ఒత్తు. 1962లో జపాన్‌లో యుకియో హోరియే ఉన్ని బదులు పీచు మొన పెట్టాక అది రాసుకునే పెన్నుగా సన్నబడింది.

కంప్యూటర్లు రాకముందు మార్కర్లకి అసలైన పోషకులు ప్రకటనల కంపెనీలు, కార్ల డిజైనర్లు. క్లయింటు ముందు రేపటికల్లా పది రంగుల నమూనాలు పెట్టాలంటే ఆరడానికి టైము తీసుకునే రంగులతో కుదరదు కదా. అక్కడ ఒక చిక్కు వచ్చింది. డిజైనర్ ఒకే గీతబొమ్మని పది ఫొటోకాపీలు తీసి, పది రకాల రంగులు వేసి చూపించేవాడు. కానీ అప్పటి మార్కర్లలో ఉండే ఘాటైన ద్రావణి ఫొటోకాపీ మీది పొడి సిరాని కరిగించి నల్లగా పులిమేసేది. 1987లో జపాన్‌కి చెందిన టూ (Too) అనే కంపెనీ తెచ్చిన కాపిక్ మార్కర్లు ఈ చిక్కుకి సమాధానం. పేరులో ఉన్న ఆ కాపీ ఫొటోకాపీయే. ఆల్కహాల్ సిరా జిరాక్స్ గీతని కదపదు. తర్వాత ఆ మార్కర్లనే మాంగా (జపాన్ కామిక్స్) చిత్రకారులు ముఖచిత్రాలకి పట్టుకున్నారు, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి.

ఈ చరిత్ర చెప్పుకోవడం ఎందుకంటే, మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి ఇందులో ఒక పెద్ద ఉపకారం దాగి ఉంది. రంగు వెయ్యాలంటే చెయ్యి వణకడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. రెండు గంటలు కష్టపడి గీసిన బొమ్మ ఒక్క పిచ్చి రంగుతో పాడైపోతుందన్న టెన్షన్. దానికి వీధి చివర జిరాక్స్ షాపే మందు. పెన్సిల్ బొమ్మ మీద నల్లగీత దిద్దుకుని, ఆ కాగితాన్ని షాపుకి తీసుకెళ్లి, మన దగ్గరున్న నున్నటి కార్డు షీట్ల మీద ఐదు కాపీలు తీయమంటే సరి. మందపాటి షీటు పక్క ట్రేలోంచి ఒక్కొక్కటిగా పెట్టాల్సి రావచ్చు, షాపు కుర్రాడు కాస్త విసుక్కోవచ్చు. అసలు బొమ్మ ఫైల్లో భద్రం. మొదటి కాపీ పాడైతే పోయేది కొద్ది రూపాయలే. మూడో కాపీ దగ్గరికి వచ్చేసరికి ఏ రంగు ఎక్కడ ఉండాలో చేతికే తెలుస్తుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉందని దాంతో కాపీ తీస్తే మాత్రం ఈ లాభం దక్కకపోవచ్చు. చాలా ఇంక్‌జెట్ సిరాలు తడి తగిలితే పులుముకుంటాయి. లేజర్ ప్రింటో, జిరాక్సో కావాలి. అదైనా ముందు ఓ మూల పరీక్షించుకోవడం మంచిది.

గీత దిద్దే పెన్ను ఇంకో ఉచ్చు. చొక్కా జేబుకి అంటిన బాల్‌పెన్ను మరకని శానిటైజర్‌తో తుడిస్తే పోతుందని కరోనా రోజుల్లో అందరం కనిపెట్టాం. శానిటైజర్‌లో ఉన్నదీ మార్కర్‌లో ఉన్నదీ ఆ ఆల్కహాలే. బాల్‌పెన్ను గీత మీద మార్కర్ నడిపితే జరిగేది మరక వదిలించడమే. "పర్మనెంట్" అని రాసి ఉన్న నల్ల మార్కర్‌తో గీస్తే ఇంకా ఘోరం. దాని శాశ్వతత్వం నీళ్ల ముందే, ఆల్కహాల్ ముందు అది తోటి ఆల్కహాలు. కావాల్సింది పిగ్మెంట్ సిరా ఉన్న ఫైన్‌లైనర్, అంటే సన్నటి మొన ఉన్న గీత పెన్ను. రంగు అందులో కరిగి ఉండదు, సన్నటి రేణువులుగా తేలుతూ ఉండి, ఎండాక పోగుల్లో బిగుసుకుపోతుంది. జపాన్‌లోని సకురా కంపెనీ 1982లో తయారుచేసిన పిగ్మా సిరా ఈ రకానిదే, దాంతో వచ్చిన మైక్రాన్ పెన్నులు మన ఊళ్లలోనూ దొరుకుతున్నాయి. గీశాక ఐదు నిమిషాలు ఆరనిచ్చి, పెన్సిల్ గీతల్ని మెల్లగా చెరిపి, అప్పుడు రంగు. చెరపకుండా రంగు వేస్తే పెన్సిల్ పొడి ఆ రంగు కింద ఇరుక్కుని ఇక ఎప్పటికీ పోదు. లేత పసుపు మార్కర్ మొనకి ఆ నలుపు అంటుకుంటే పసుపు కాస్తా మురికి పచ్చ అవుతుంది.

ఇన్ని చెప్పాక కూడా చేతి సంగతి మిగిలే ఉంటుంది. కాగితం, పెన్ను మార్చినా గీసిన ముఖం వంకరగానే వచ్చిందంటే? నిజమే, వస్తుంది. అమెరికాలో కళావిద్య మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ (1903–1960) పిల్లల బొమ్మల ఎదుగుదలని దశలుగా విడదీశాడు. తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య పిల్లలకి ఉన్నది ఉన్నట్టు రావాలన్న పట్టుదల మొదలవుతుందనీ, తమ బొమ్మని తామే తప్పుపట్టడం అప్పుడే నేర్చుకుంటారనీ ఆయన గమనించాడు. చాలామంది గీయడం మానేసేదీ ఆ వయసు దగ్గరే. మన దగ్గర దానికి తోడు ఇంకొకటి కలుస్తుంది. ఎనిమిదో తరగతి దాటాక డ్రాయింగ్ పీరియడ్ ఏదైనా మిగిలి ఉంటే అది లెక్కల సారు చేతిలోకి పోతుంది. చెయ్యి పన్నెండేళ్ల దగ్గర ఆగిపోతుంది. కన్ను మాత్రం ఆగదు. సినిమాలు, పోస్టర్లు, ఫోన్‌లో రోజుకి వంద బొమ్మలు చూస్తూ అది పెద్దదైపోతుంది. ముప్ఫై ఐదేళ్ల కన్ను పన్నెండేళ్ల చేతి పనిని చూసి నవ్వితే అందులో వింత లేదు. అందుకే, రంగు చెదిరితే కాగితాన్ని అనుమానించాలి, ఆకారం చెదిరితే అలవాటు తప్పిందని సరిపెట్టుకోవాలి. ఈ రెంటినీ కలిపి ఒకే ఖాతాలో రాసుకోవడమే పొరపాటు.

నిజానికి ఆ చెయ్యి పూర్తిగా ఆగిపోలేదు కూడా. తెలుగు రాష్ట్రాల్లో హైస్కూలు దాటిన ప్రతి ఒక్కరూ సైన్స్ రికార్డులో బొమ్మలు వేసినవాళ్లే. మందార పువ్వు నిలువుకోత, గుండె నాలుగు గదులు, నెఫ్రాన్ మెలికలు. "నాకు బొమ్మలు రావు" అనేవాళ్లు కూడా కేసరావళి గొట్టాన్ని కీలాగ్రం దాకా సరిగ్గా గీసి, కుడివైపు స్కేలుతో గీతలు లాగి పేర్లు రాశారు. అక్కడ అందం కోసం ఎవరూ గీయలేదు, ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి గీశారు. కాబట్టే వచ్చింది. మళ్లీ మొదలుపెట్టడానికి ముఖాలు, దేవుళ్లు, హీరోయిన్లు కాకుండా అలాంటి వస్తువులు పట్టుకోవడం తెలివైన పని. వంటింట్లో ఇత్తడి చెంబు, అరటి గెల, గేటు మీద వాలిన కాకి. ఇవి వంకరగా వచ్చినా పోలిక చెడిందని ఎవరూ ఫిర్యాదు చేయరు.

దగ్గర నుంచి చూడటానికి ఒక బంగినపల్లి పండు తీసుకుందాం. అరచేతి సైజు బొమ్మ, వెలుగు ఎడమవైపు కిటికీ నుంచి. మార్కర్లు మూడే: లేత పసుపు, ముదురు పసుపు, నారింజ. నీడకి ఒక లేత బూడిద, చివర్లో చుక్కలకి ఒక గోధుమరంగు. ముందు చెయ్యాల్సింది రంగు వెయ్యడం కాదు, రంగు వెయ్యని చోటు నిర్ణయించడం. పండు ఎడమ భుజం మీద వెలుగు తళుక్కుమనే చోట చిక్కుడుగింజంత తెలుపు వదలాలి. ఆల్కహాల్ మార్కర్‌లో తెలుపు లేదు, కాగితమే తెలుపు. ఆ తర్వాత లేత పసుపుని బ్రష్ మొనతో చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి, మధ్యలో ఆగకుండా నింపుకుంటూ పోవాలి. ఫోన్ మోగిందని మధ్యలో ఆపితే ఆగిన చోట అంచు ఆరి చార పడుతుంది. నల్లగీతకి గోరుమందం ఇవతలే ఆపాలి, మిగతా దూరం సిరా తనే నడుస్తుంది.

అది తడిగా ఉండగానే ముదురు పసుపుని కుడివైపు, కింద నెలవంకలా వేసి, వెంటనే లేత పసుపుతో ఆ రెండూ కలిసే చోట రుద్దాలి. కలిపేది ఎప్పుడూ లేతరంగే. ముదురుదాన్ని లేతలోకి లాగుతుంది. ఆ తర్వాత నారింజ, కుడి అంచున సన్నగా, అరటినార వెడల్పు చాలు. దాన్ని ముదురు పసుపుతో కరిగించాలి. ఈ దశలో పండు భయంకరంగా కనిపిస్తుంది, రంగు మరీ ముదిరిపోయినట్టు ఉంటుంది. కంగారుపడి ఏమీ చేయకూడదు. తడి సిరా ఎప్పుడూ ముదురుగా కనపడుతుంది, ఆరాక ఒక మెట్టు తేలుతుంది. రెండు నిమిషాలాగి చూసి, అవసరమైతే రెండో పూత. చివర్లో తొడిమ చుట్టూ గుంటలో కాస్త నారింజ, తొక్క మీద గోధుమరంగు చుక్కలు నాలుగైదు, పండు కింద నేలమీద బూడిద నీడ. ఆ నీడలో పండుకి ఆనుకున్న చోట కొంచెం పసుపు కలిపితే పండు బల్ల మీద నిజంగా కూర్చుంటుంది. ఈ చివరి మాట ఎవరూ చెప్పకపోయినా, ఒక పండు ముందు పెట్టుకుని పది నిమిషాలు చూస్తే కంటికే తెలుస్తుంది.

నారింజ గీత దాటితే రంగులేని బ్లెండర్ ఉంటుంది. సిరా లేని ఆల్కహాల్ పెన్ను అది. దాన్ని రబ్బరు అనుకుంటే నిరాశే. రంగుని చెరపదు, తోస్తుంది. బయటి నుంచి లోపలికి ఆనిస్తే పొంగిన రంగు కొంత వెనక్కి పోతుంది. లేత మార్కర్ మొనకి ముదురు రంగు అంటుకుంటే చిత్తుకాగితం మీద రుద్దితే వదిలిపోతుంది. మూత పెట్టేముందు అలా చేయడం అలవాటైతే పసుపు ఎప్పటికీ పసుపుగానే ఉంటుంది.

కలపడం ఇంత తంటా అయితే అసలు కలపకుండానే వెయ్యొచ్చు. ఇక్కడ తెలుగు పాఠకులకి ఇద్దరు పెద్దవాళ్లు గుర్తుకు రావాలి. వడ్డాది పాపయ్య (1921–1992) బొమ్మల్లో రంగు ఒకదాంట్లోంచి ఒకటి మంచులా జారుతుంది. బాపు (1933–2014) బొమ్మలో పని అంతా గీతది, రంగు దానికి తోడు మాత్రమే. మార్కర్ కొన్నవాళ్లంతా మొదటిరోజే పాపయ్యగారి మెత్తదనం కోరుకుంటారు. కానీ ఈ పనిముట్టు మొదట సులువుగా ఇచ్చేది రెండో దారి. గట్టి నల్లగీత, గీత లోపల ఒకే పూతగా పరిచిన రంగు, నీడకి అదే రంగు రెండో పూత. ఒకే మార్కర్‌ని ఆరాక రెండోసారి వేస్తే ముదురు వస్తుంది కాబట్టి, పన్నెండు మార్కర్లు ఉన్నవాళ్ల దగ్గర నిజానికి పాతిక రంగుల దాకా ఉన్నట్టే.

దీంతో కొనడం దగ్గరికి వస్తాం. 48 కన్నా 80 మేలు, 80 కన్నా 120 మేలు అన్నట్టు సెట్లు ఊరిస్తాయి. మళ్లీ బొమ్మలు మొదలుపెట్టాలన్న కోరిక, మార్కర్లు కొనాలన్న కోరికగా మారి అక్కడితో తీరిపోవడం చాలామందికి జరుగుతుంది. డబ్బు పెన్నుల మీద తక్కువ, కాగితం మీద ఎక్కువ పెట్టడమే మంచి లెక్క. చవక మార్కర్ మంచి కాగితం మీద బాగా నడుస్తుంది, ఖరీదైన మార్కర్ చెత్త కాగితం మీద నడవదు. కాపిక్ స్కెచ్ రకంలో 358 రంగులున్నాయి, ఒక్కోదాని ధర వందల్లో ఉంటుంది. కానీ దాని మొన మార్చుకోవచ్చు, సిరా నింపుకోవచ్చు. చవక సెట్లలో ఎక్కువ వాటికి ఆ వీలు లేదు, అయిపోతే పారేయడమే. ఏడాది పాటు వారానికి రెండు బొమ్మలు వేసినవాళ్లకి ఏ ఐదు రంగులు తరచుగా అయిపోతున్నాయో తెలిసిపోతుంది. మంచివి ఆ ఐదే కొనుక్కుంటే చాలు.

కాపిక్ రంగుల అంకెల్లో ఉన్న ఒక పద్ధతి మాత్రం ఏ సెట్ ఉన్నవాళ్లకైనా పనికొస్తుంది. ఆర్29 అంటే ఎరుపు కుటుంబం. మొదటి అంకె 2 ఆ రంగు ఎంత స్వచ్ఛమో చెబుతుంది, అంకె పెరిగేకొద్దీ బూడిద కలుస్తుంది. రెండో అంకె 9 ఎంత ముదురో చెబుతుంది. కుటుంబం ఒకటే, మొదటి అంకె ఒకటే అయి, రెండో అంకెలో రెండు మూడు మెట్ల తేడా ఉన్న మార్కర్లు ఒకదాంట్లోకి ఒకటి సాఫీగా కలుస్తాయి. చవక సెట్లలో అంకెలకి ఇంత అర్థం ఉండకపోవచ్చు, మూత రంగుకీ లోపలి రంగుకీ పొంతనా ఉండదు. కాబట్టి సెట్ వచ్చిన రోజే, బొమ్మలు వేసే కాగితం మీదే గళ్లు గీసి, ప్రతి రంగునీ ఒక పూత, రెండు పూతలుగా నింపి, పక్కన అంకె రాసుకోవాలి. తర్వాత లేత నుంచి ముదురుకి మూడేసి చొప్పున జట్లు కట్టుకోవాలి. ఇది విసుగు పని. కానీ మొదటి నెలలో చేసే అన్ని బొమ్మల కన్నా ఈ ఒక్క షీటే ఎక్కువ నేర్పుతుంది.

ఒంటిరంగు దగ్గర సెట్లు మనల్ని మోసం చేస్తాయి. "స్కిన్" అని రాసి ఉన్నది తీస్తే గులాబీ కలిసిన పాలరంగు వస్తుంది. చిన్నప్పటి క్రేయాన్ పెట్టెలోనూ అంతే. అమెరికాలో క్రేయోలా కంపెనీ "ఫ్లెష్" అనే రంగు పేరుని 1962లోనే "పీచ్" అని మార్చుకుంది గానీ, ఆ ఆలోచన మార్కర్ సెట్లలో ఇంకా మిగిలే ఉంది. మన ముఖాలకి పనికొచ్చేవి గోధుమ, మట్టి రంగుల వరసలో ఉంటాయి, కాపిక్‌లో వాటికి ఇంగ్లిష్ 'E' అక్షరం. లేత ఇసుక, చామనఛాయ, వక్కపొడి రంగు, ఈ మూడు ఉంటే అమ్మమ్మ ముఖమైనా, పొలంలో ఎండకి కాగిన ముఖమైనా వేయొచ్చు. నీడకి నలుపు వాడితే ముఖం మసిబారుతుంది. లేత ఊదా ఒక పూత కింద వేసి, పైన గోధుమరంగు వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

మన వాతావరణానికి సంబంధించిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, చల్లటి దేశాలవాళ్లు చేసిన వీడియోల్లో ఇది కనపడదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో, పైన ఫ్యాను ఐదులో తిరుగుతూ ఉంటే, ఆల్కహాల్ ఆరడానికి పట్టే టైము బాగా తగ్గిపోతుంది. రంగులు కలపడానికి దొరికే సందు కాస్తా మూసుకుపోతుంది. చారలు పడుతున్నాయంటే ఫ్యాను తగ్గించి చూడాలి, లేదా ఉదయం పూట వెయ్యాలి. కిటికీ మాత్రం తెరిచే ఉంచాలి, వాసన గదిలో నిలబడితే తల నొప్పెడుతుంది. రెండు మొనలున్న మార్కర్లని పడుకోబెట్టి దాచాలి. నిలబెడితే సిరా కింది మొనకే చేరి, పై మొన ఎండిపోతుంది. మూత టక్కుమనే దాకా నొక్కకపోతే రెండు రోజుల్లో ఆ మార్కర్ సంగతి అంతే.

బొమ్మలు వేస్తే మనసు తేలికవుతుందన్న మాట ఈ మధ్య బాగా వినపడుతోంది. దాని వెనక ఉన్న ఆధారాల్లో ఒకటి 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధన. 39 మంది పెద్దవాళ్లకి మార్కర్లు, మట్టి, కొలాజ్ సామాను ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేయమన్నారు. ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎంత ఉందో చూశారు. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. చిన్న పరిశోధన, ఊరికే కూర్చున్నవాళ్లతో పోల్చి చూడలేదు, కాబట్టి మందుచీటీలా చదవకూడదు. అందులో పట్టించుకోవాల్సిన మాట వేరే ఉంది. బొమ్మలు ముందునుంచీ వచ్చినవాళ్లకీ, అసలు రానివాళ్లకీ ఫలితంలో తేడా కనపడలేదు. అంటే ఆ ముప్పావుగంట సుఖం బొమ్మ బాగా వచ్చినందుకు వచ్చినది కాదు. దీన్ని మళ్లీ రోజుకో బొమ్మ చొప్పున నెల రోజుల సవాలుగా మార్చుకుని, పదకొండో రోజు తప్పిందని బాధపడేవాళ్లు ఆ సుఖాన్ని చేతులారా పోగొట్టుకుంటున్నారు.

అలా వేసిన వాటిలో ఒకటి రెండు బాగా కుదిరితే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాలనిపిస్తుంది. ఇక్కడ మాత్రం జాగ్రత్త. ఆల్కహాల్ మార్కర్లలో ఉండేది అద్దకపు రంగు, వెలుతురుకి వెలిసిపోతుంది. ఎండ పడే గోడ మీద పెడితే గులాబీలు, ఊదాలు ముందు పోతాయి, మొదటిరోజు చూసిన పండు కొన్నాళ్లకి వేరే పండు అవుతుంది. నిలవాలంటే పోస్కా లాంటి పిగ్మెంట్ పెయింట్ మార్కర్లు వేరే ఉన్నాయి, కానీ అవి ఇలా ఒకదాంట్లో ఒకటి కరగవు. అందుకే ఈ మార్కర్లతో పనిచేసే చిత్రకారుల్లో చాలామంది బొమ్మ పూర్తి కాగానే స్కాన్ చేసి, అసలుని చీకటి ఫైల్లో పెట్టేస్తారు. గోడకి ఎక్కేది ప్రింటు. బంగినపల్లి పండు మూడో కాపీ కూడా ఆ ఫైల్లోనే, పాడైన మొదటి రెండు కాపీల పక్కన ఉంటుంది.